పెరటి పూలతో ఇంటి వైద్యం: ఏ పువ్వును ఎలా వాడాలి, దేన్ని ముట్టకూడదు

నాలుగేళ్ల కిందట మార్కెట్లో కిలో గులాబీలు కొని గుల్కంద్ వేద్దామని కూర్చున్నాను. పూలు పెద్దవి, ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. రెక్కలు తుంచి గిన్నెలో కడిగితే నీళ్ల మీద సన్నటి జిడ్డు తేలింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే గులాబీ వాసన లేదు, పురుగుమందు డబ్బా మూత తీసినప్పుడు వచ్చే ఘాటు వచ్చింది. మొత్తం పారబోశాను. పూలతో ఇంటి వైద్యం అంటే ఏ పువ్వు దేనికి మంచిదో చెప్పడంతోనే చాలామంది మొదలుపెడతారు. నేను మాత్రం ఆ పువ్వు ఎక్కడి నుంచి వచ్చిందన్న దగ్గర మొదలుపెడతాను. అది సరిగ్గా లేకపోతే తర్వాత చేసేదంతా వృథా, ఒక్కోసారి ప్రమాదం కూడా.

వంకాయ మీద మందు కొడితే ఇన్ని రోజులు ఆగి కోయాలని ఒక లెక్క ఉంటుంది. దండకు పోయే పువ్వు ఎవరి నోట్లోకీ వెళ్లదు కాబట్టి ఆ లెక్క దానికి ఎవరూ పాటించరు. మెరుపు కోసం రంగునీళ్లలో ముంచిన చామంతులు కూడా దొరుకుతాయి. అవి దేవుడి పటానికి వేయండి, గుమ్మానికి కట్టండి. కషాయానికీ, నూనెకూ, మొహానికీ మాత్రం వద్దు.

ముందు పువ్వు సంగతి

ఇంట్లో కుండీలో ఒక ఎర్ర మందారం, ఒక నాటు గులాబీ, గోడకు పాకించిన శంఖుపుష్పం తీగ ఉంటే చాలు, సగం అవసరాలు తీరతాయి. కడియం, కడియపులంక నర్సరీల నుంచి వచ్చిన మొక్కయినా, మీ వీధి చివర నర్సరీలో కొన్నదైనా, తెచ్చిన వారానికే పువ్వు కోసి వాడకండి. అక్కడ అమ్మకానికి నిగారింపుగా ఉండాలని మందులు కొట్టి ఉంటారు. మొదట పూసిన పూలను తుంచి పడేయండి. కొత్త చిగుళ్లు వేసి, కనీసం రెండు నెలలు మీ చేతి నీళ్లు తాగాక వచ్చిన పూత నుంచి వాడుకోవచ్చు.

బయట చెట్ల నుంచి కోసుకునేటట్లయితే హైవే పక్కన, పత్తి చేల గట్ల మీద, మురుగు కాలువల వెంట ఉన్నవాటిని వదిలేయండి. మంచు ఆరాక, ఎండ ముదరకముందు, అంటే ఉదయం ఏడు నుంచి తొమ్మిది మధ్య కోయడం మంచిది. తడి మీద కోస్తే బూజు పడుతుంది, మధ్యాహ్నం కోస్తే వాసన సగం ఎగిరిపోయి ఉంటుంది.

ఆరబెట్టడం నీడలోనే. చేట మీదో, పాత నూలు చీర మీదో పలచగా పరిచి, గాలి ఆడే గదిలో మూడు నుంచి ఐదు రోజులు ఉంచండి. రోజుకోసారి చేత్తో కలియబెట్టండి. రెక్కను వేళ్ల మధ్య నలిపితే గలగలమని పొడి కావాలి. వంగిందంటే ఇంకా తేమ ఉన్నట్టే. తేమ ఉండగా సీసాలో పెట్టి మూత బిగిస్తే వారంలో బూజు వాసన వస్తుంది. అలా వచ్చినదాన్ని మళ్లీ ఎండబెట్టి వాడదామని చూడకండి, పారేయండి.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. నీళ్లతో చేసింది ఏదైనా (కషాయం, జిగురు, ముద్ద) ఆ పూటకే, మహా అయితే ఫ్రిజ్‌లో మర్నాటి వరకే. నూనెతో చేసింది నీటిచుక్క లేకుండా ఉంటే నెలల తరబడి నిలవ ఉంటుంది. ఇంటి మందులు పాడైపోవడానికి కారణం చాలాసార్లు ఈ తేడా తెలియకపోవడమే.

వేపపువ్వు: ఒక్క ఉగాదికి సరిపెట్టకండి

ఉగాది పచ్చడిలో చిటికెడు వేసి మిగతాదంతా చెట్టు కింద రాలి తొక్కుడుపడుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. చైత్రంలో రెండు మూడు వారాలు మాత్రమే దొరికే పువ్వు అది. ఏడాదికి సరిపడా దాచుకోవచ్చు.

ముందు రోజు రాత్రి చెట్టు కింద ఊడ్చి, పాత దుప్పటి పరిచి ఉంచండి. తెల్లారేసరికి దానంతట అదే రాలి ఉంటుంది. చాలకపోతే అందిన కొమ్మను మెల్లగా దులపండి, విరవకండి. తెచ్చిన పువ్వును చేటలో వేసి చెరగండి. ఈనెలు, ఎండుటాకులు, చీమలు పోతాయి. శుభ్రమైన చోట చెట్టయితే కడగక్కర్లేదు. దుమ్ము ఉందనిపిస్తే జల్లెడలో వేసి ఒక్కసారి నీళ్లు పోసి వెంటనే బట్ట మీద ఆరేయండి, నానబెట్టకండి. నాలుగు రోజులు నీడన, చివర్లో ఒక గంట ఎండలో పెట్టి గాజు సీసాలోకి ఎత్తుకోండి. బుట్టెడు పువ్వు చివరికి గుప్పెడే అవుతుంది, కంగారు పడకండి.

వాడే తీరు: చెంచా నెయ్యి వేడి చేసి, మంట తగ్గించి, రెండు చెంచాల ఎండు వేపపువ్వు వేసి ముదురు గోధుమ రంగు వచ్చేదాకా వేయించండి. పచ్చిగా ఉంటే చేదు నాలుకను పట్టుకుంటుంది. బాగా వేగితే అదే చేదు కమ్మగా మారుతుంది. ఉప్పు కలిపి, వేడి అన్నంలో మొదటి ముద్దగా తినండి. జ్వరం తగ్గాక నోరు చప్పగా ఉన్నప్పుడు, ఏదీ సయించనప్పుడు ఆ ఒక్క ముద్దతో ఆకలి లేస్తుంది. మా అత్తమ్మ దీన్ని బాలింతలకు పెట్టే కారప్పొడి పక్కనే ఓ చిన్న సీసాలో ఉంచేది.

చారు చేసుకోవాలంటే చింతపండు రసంలో ఉప్పు, కొంచెం బెల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు వేసి మరిగించండి. పొయ్యి కట్టేశాక, వడ్డించే ముందు మాత్రమే నేతిలో వేయించిన వేపపువ్వు పైన చల్లండి. చారుతోపాటు మరిగిస్తే గిన్నె మొత్తం చేదెక్కిపోతుంది. ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ తాలింపు ఉండనే ఉంది.

వారానికి ఒకటి రెండుసార్లు చాలు. పిల్లల కడుపులో పురుగులకు వేపపువ్వే మందని దాని మీదే ఆధారపడకండి. ఫిబ్రవరి 10న నులిపురుగుల నివారణ దినం నాడు బడుల్లో, అంగన్‌వాడీల్లో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర వేయించండి. వేపనూనెను మాత్రం పసిపిల్లల నోట్లో ఒక్క చుక్క కూడా పోయకండి. అది ఒంటికి విషమై పిల్లలు ప్రాణాపాయంలో పడిన సంఘటనలు ఉన్నాయి. పువ్వు వేరు, గింజల నుంచి తీసిన నూనె వేరు.

మందార నూనె, మందార జిగురు

ఐదు రెక్కల ఎర్ర నాటు మందారం ఉత్తమం. ముద్ద మందారమైనా పనికొస్తుంది.

పావు లీటరు కొబ్బరి నూనెకు పదిహేను పూలు, రెండు గుప్పిళ్ల లేత మందార ఆకులు, ఒక చెంచా మెంతులు తీసుకోండి. పువ్వు అడుగున ఉండే ఆకుపచ్చ తొడిమ, మధ్యలో పుప్పొడి కాడ తీసేయండి. ఆకులు, రెక్కలు కడిగి, బట్ట మీద పరిచి ఒక రోజంతా వాడనివ్వండి. తాజా పూలనే వేసేస్తే వాటిలోని నీరు నూనెలో చేరి చిటపటలాడుతుంది, నూనె నిలవ కూడా ఉండదు. వాడిపోయాక నీళ్లు పోయకుండా కచ్చాపచ్చాగా దంచండి.

మందపాటి ఇనుప మూకుడులో నూనె, దంచిన ముద్ద, మెంతులు వేసి సన్నటి సెగ మీద పెట్టండి. మొదటి పావుగంట బుడగలు వస్తూనే ఉంటాయి. అది రెక్కల్లో మిగిలిన నీరు పోవడం. మధ్య మధ్య అడుగంటకుండా కలుపుతూ ఉండండి. ఇరవై ఐదు, ముప్పై నిమిషాలకు బుడగలు సద్దుమణిగి ముద్ద నల్లబడుతుంది. అప్పుడు చిటికెడు ముద్దను గరిటెతో తీసి, చల్లారాక వేళ్ల మధ్య నలపండి. వత్తిలా సాగి నిలబడాలి. ఆ వత్తిని పట్టకారుతో పట్టుకుని దీపం మంటకు తగిలిస్తే చిటపట లేకుండా మండాలి. చప్పుడు వచ్చిందంటే ఇంకా నీరు ఉందన్నమాట, మరో ఐదు నిమిషాలు కాయండి. వైద్యులు తైలం కాచేటప్పుడు చూసే పాత పరీక్ష ఇది, ఇప్పటికీ దీన్ని మించింది నాకు కనబడలేదు.

దించాక పళ్లెం మూత పెట్టకండి. ఆవిరి చుక్కలై నూనెలో పడుతుంది. పలచటి బట్ట కప్పి పూర్తిగా చల్లారనివ్వండి. వడగట్టి పొడి గాజు సీసాలో పోయండి. రెండు మూడు నెలలు బాగుంటుంది. పాతనూనె వాసన మొదలైతే దీపారాధనకు కూడా పెట్టకుండా పారేయండి.

వారానికి రెండుసార్లు కుదుళ్లకు రాసి, గంట ఆగి తలంటుకోండి. పొడిబారిన జుట్టు మెత్తబడుతుంది, చిక్కు తగ్గుతుంది, మాడు దురద శాంతిస్తుంది. రాలిపోయిన చోట కొత్త జుట్టు మొలిపిస్తుందని మాత్రం నేను చెప్పను. జుట్టు గుత్తులుగా ఊడుతుంటే రక్తం తక్కువై ఉండొచ్చు, థైరాయిడ్ కావచ్చు. ముందు పరీక్ష చేయించుకోండి.

జిగురు ఇంకా సులువు. పది ఆకులు, ఐదు పూలు రాత్రి రెండు గ్లాసుల నీళ్లలో నానబెట్టి, పొద్దున్న చేత్తో బాగా పిసకండి. చిక్కటి జిగురు వస్తుంది. బట్టలో వడగట్టి, కుంకుడు రసం తర్వాత తలకు పట్టించి ఐదు నిమిషాల్లో కడిగేయండి. షాంపూ తర్వాత రాసే కండిషనర్ చేసే పనే ఇది చేస్తుంది. మిగిలితే మొక్కలకు పోయండి, దాచకండి.

తంగేడు: పేరు ఒకటి, చెట్లు వేరు

తెలంగాణలో తంగేడు లేనిదే బతుకమ్మ లేదు. రాష్ట్ర పుష్పం కూడా అదే. బతుకమ్మ పండుగ రోజుల్లో గట్ల మీద, బీళ్లలో విరగబూస్తుంది. అప్పుడు కొమ్మలతో సహా విరిచేస్తారు. దయచేసి పూలు, విచ్చీవిచ్చని మొగ్గలు మాత్రం తుంచండి, పొద మళ్లీ పూస్తుంది. బతుకమ్మ పేర్చిన తర్వాతి పూలు కాదు, ముందే విడిగా తీసి పెట్టుకున్నవి ఆరబెట్టుకోండి.

ఒక గ్లాసు నీళ్లకు ఒక చెంచా ఎండు పూలు. నాలుగైదు నిమిషాలు మరిగించి, వడగట్టి, గోరువెచ్చగా తాగండి. రోజుకు ఒకసారి, ఒక వారం తాగి మరో వారం ఆపండి. ఒంట్లో వేడి, అరికాళ్ల మంటలు, అతిదాహం ఉన్నప్పుడు పల్లెల్లో ఇదే ఇస్తారు. షుగర్‌కు కూడా తాగుతారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి వినండి. షుగర్ మాత్రలు వేసుకుంటున్నవాళ్లు వాటితోపాటు ఇది తాగితే షుగర్ మరీ పడిపోయే అవకాశం ఉంది. తాగాలనుకుంటే డాక్టరుకు చెప్పి, షుగర్ చూసుకుంటూ తాగండి. మాత్ర మానేసి తంగేడు మొదలుపెట్టడం మాత్రం వద్దే వద్దు. ఆరునెలలు బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది, ఈలోపు కళ్లూ, మూత్రపిండాలూ దెబ్బతినవచ్చు.

పేరు విషయంలో కూడా పొరబడతారు. నేల తంగేడు అంటే సునాముఖి, అది గట్టి విరేచనాల మందు. తంగేడని పచారీ కొట్లో అడిగితే అది చేతిలో పెట్టవచ్చు. రేల చెట్టు పూలూ పసుపే, కానీ గుత్తులుగా కిందికి వేలాడతాయి. కసివింద పూలూ పసుపే, దాని గింజలు పిల్లలు తింటే ప్రాణం మీదికి వస్తుంది. తంగేడు నిటారుగా నిలబడే పొద, చింతాకును పోలిన చిన్నచిన్న ఆకుల జంటలు, కొమ్మల చివర గుత్తులు, నున్నగా బల్లపరుపుగా ఉండే కాయలు. సందేహం ఉంటే ఊళ్లో పెద్దమనిషికి చూపించండి. ఫోనులో ఫొటో చూసి నిర్ణయించుకోకండి.

గులాబీ, నందివర్ధనం, కళ్ల సంగతి

గుల్కంద్‌కు వాసన ఉన్న నాటు గులాబీ కావాలి. కడిగి పూర్తిగా ఆరిన రెక్కలు, వాటి బరువుకు సమానంగా చక్కెర లేదా పటికబెల్లం పొడి తీసుకుని, గాజు సీసాలో ఒక వరస రెక్కలు, ఒక వరస చక్కెర వేస్తూ నొక్కండి. మూడు నాలుగు వారాలు ఎండలో పెట్టి, రెండు రోజులకోసారి పొడి చెంచాతో కలపండి. ముదురు రంగు పాకంలా అయ్యాక రోజుకు ఒక చెంచా చల్లటి పాలలో వేసుకోవచ్చు. ఎండాకాలం మలబద్ధకానికి నాకు బాగా పనిచేసింది. అందులో సగం చక్కెరే కాబట్టి షుగర్ ఉన్నవాళ్లకు పనికిరాదు.

రోజ్‌వాటర్‌కు పెద్ద గిన్నె అడుగున ఒక ఇటుక ముక్కో, స్టాండో పెట్టి, దాని మీద చిన్న గిన్నె ఉంచండి. చుట్టూ రెక్కలు, అవి మునిగేదాకా నీళ్లు. పెద్ద గిన్నె మూతను తిరగేసి పెట్టి, మూత మీద ఐసు ముక్కలు వేయండి. సన్నటి సెగ మీద ఆవిరి పైకి వెళ్లి, చల్లబడి, మూత మధ్య నుంచి చిన్న గిన్నెలోకి చుక్కలుగా రాలుతుంది. అరగంటలో అర గ్లాసు వస్తే చాలు. ఇది మాత్రం ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. మొహానికి రాసుకోండి, కళ్లలో మాత్రం వేయకండి. ఇంట్లో చేసింది క్రిముల్లేనిది కాదు.

కళ్లు మండుతున్నప్పుడు నందివర్ధనం పూలు పెట్టుకోవడం మనకు అలవాటే. దానికి ఒక పద్ధతి ఉంది. తొడిమ తుంచగానే పాలు కారతాయి, ఆ పాలు కంట్లో పడకూడదు. రెక్కలు మాత్రం విడదీసి, చల్లటి మంచినీళ్లలో రెండుసార్లు ముంచి తీసి, కళ్లు మూసుకుని రెప్పల మీద పది నిమిషాలు ఉంచుకోండి. చల్లదనంతో హాయిగా ఉంటుంది. పూలను పిండి ఆ రసం కంట్లో పోయడం అసలు వద్దు. కన్ను ఎర్రబడి పుసి కడుతుంటే పువ్వుతో కాలయాపన చేయకండి.

మల్లె, మోదుగ, వంటింటి పూలు

పాలిచ్చే తల్లులు మల్లెపూలు పెట్టుకోకూడదని మన ఇళ్లలో అంటారు కదా, అది ఉత్త మాట కాదు. బిడ్డ పోయినప్పుడో, పాలు మాన్పించాల్సి వచ్చినప్పుడో మల్లెపూల దండలు రొమ్ములకు కట్టే పద్ధతి దక్షిణాదిలో ఉంది. 1988లో వెలువడిన ఒక అధ్యయనంలో దాన్ని బ్రోమోక్రిప్టిన్ అనే మందుతో పోల్చి చూశారు. పాలు తగ్గించడంలో రెండూ దాదాపు సమానంగా పనిచేశాయి. పాలు మాన్పించే తల్లులు శుభ్రమైన మల్లెలను పలచటి బట్టలో చుట్టి పెట్టుకోవచ్చు. రొమ్ము గట్టిపడి జ్వరం వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

మోదుగ పూలను కాముని పున్నమికి ముందు రాత్రి వేడినీళ్లలో నానబెడితే తెల్లారేసరికి కాషాయం రంగు నీళ్లు తయారు. రంగు చల్లుకోవడానికి ఇంతకంటే మంచిది లేదు. పిల్లల ఒంటి మీద రసాయన రంగులు పడకుండా చూసుకోవడమే పెద్ద వైద్యం.

శంఖుపుష్పం ఐదారు పూలు వేడినీళ్లలో వేస్తే నీలం, నిమ్మరసం పిండితే ఊదా. టీ కాఫీ తగ్గించుకోవాలనుకునేవాళ్లకు మంచి బదులు. అంతకు మించి ఆశించకండి.

మునగపువ్వును పెసరపప్పుతో, అవిసెపువ్వును లోపలి చేదు కాడ తీసేసి ఉల్లిపాయలతో, అరటిపువ్వును గట్టి పుల్ల, పలచటి రేకు తీసి మజ్జిగలో వేసి ఆవపెట్టి వండుకుంటే అవి కూరలే, మందులా కొలిచి తినక్కర్లేదు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు. దొరికితే కొనండి, వాళ్లకు తెలిసినంతగా ఆ పువ్వు మనకు తెలియదు.

ఎవరు ఆగాలి

గర్భిణులు మందార, తంగేడు, వేప కషాయాలేవీ తాగకూడదు. రక్తపోటుకు, షుగర్‌కు, రక్తం పలచబడటానికి మందులు వాడేవాళ్లు డాక్టరును అడిగాకే. చర్మానికి ఏది రాసినా ముందు మోచేతి లోపలి వైపు కొద్దిగా రాసి ఒక రోజు చూడండి. బంతి, చామంతి జాతి పూలు చాలామందికి దద్దుర్లు తెస్తాయి.

ముట్టకూడనివి

గన్నేరు, పచ్చగన్నేరు గుండె కొట్టుకోవడాన్ని తలకిందులు చేసే విషాలు. ఆకు, పువ్వు, కాయ, వేరు ఏదీ నోట్లో పెట్టకూడదు. 2024 మేలో కేరళలో ట్రావన్‌కోర్ దేవస్వం బోర్డు నైవేద్యంలో, ప్రసాదంలో గన్నేరు పూలు వాడకుండా ఆపేసింది. మన ఇళ్లలో పూజ పళ్లెంలో గన్నేరు పూలు, కొబ్బరి ముక్కలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, వాటిని విడిగా పెట్టండి.

ఉమ్మెత్త పొగ ఉబ్బసానికి మంచిదని ఎవరు చెప్పినా వినకండి. అది మతి తప్పిస్తుంది, కొలత తప్పితే చంపుతుంది. బిళ్లగన్నేరు నుంచే క్యాన్సర్ మందులు విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ తీస్తారు. అంత బలమైన మొక్క పూలను షుగర్‌కని పొద్దున్నే నమలడం ప్రాణంతో చెలగాటం. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. అడవినాభి మంటలా అందంగా ఉంటుంది, దాని దుంప మరీ విషం.

పిల్లలు ఏ పువ్వో నమిలారని అనుమానం వస్తే ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం చేయకండి. నోట్లో ఉన్నది వేలితో తీసేసి, నోరు కడిగి, 108కి ఫోన్ చేయండి. నమిలిన ఆ కొమ్మను ఆకులు, పూలతో సహా ఒక సంచిలో వేసుకుని వెంట తీసుకెళ్లండి. ఎంత తిన్నారో, ఎన్ని గంటలకు తిన్నారో ఒక కాగితం మీద రాసి ఉంచండి. ఆసుపత్రి గుమ్మంలోనే మిమ్మల్ని మొదట అడిగేవి అవే.